సహజవాయువు పంపకము – ముందు చూచు లెక్కలు

మన తొండియార్‌పేటకు వాయవ్యమున మణలి కర్మాగారములును, ఉత్తరమున ఎన్నూరు రేవును గలవు. ఆ రేవులో, కామరాజర్ పోర్టు ఆవరణమందు, 2019 సంవత్సరము మార్చి నెలలో ద్రవ సహజవాయువును దింపు నిలయ మొకటి ప్రారంభమైనది. సంవత్సరమునకు 50 లక్షల టన్నుల వాయువును దింపుకొనగల శక్తి దానికి గలదు. అదే సంవత్సరము జూలైలో మణలియందలి మద్రాసు ఎరువుల కర్మాగారము అంతవరకు వాడుచుండిన నాఫ్తాను విడిచి, ఈ వాయువుతో యూరియా చేయ మొదలిడెను. నేడు చెన్నై, తిరువళ్ళూరు జిల్లాలలో వంటిండ్లకు గొట్టముల ద్వారా సహజవాయువు నందించు పని సాగుచున్నది. ఇంత వాయువు ఎచ్చటినుండి రావలెను? ఎవరికి ముందు, ఎవరికి వెనుక ఇయ్యవలెను? ధర యెంత యుండవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలసినవారు ప్రభుత్వమువారు. వారు తప్పు చెప్పినచో దాని ఫలితము పదియేండ్లు, ఇరువదియేండ్లు దేశమును వెంటాడును. ఏలయన గొట్టపు మార్గమును ఒకసారి భూమిలో పాతిన పిమ్మట మరియొక చోటికి మార్చుట సులభము గాదు.

ఇట్టి నిర్ణయములు చేయుటకు ముందు, వాటి ఫలితములను లెక్కలలో నడిపించి చూచు విధాన మొకటి గలదు. దానిని సిమ్యులేషన్ అందురు. తెలుగున అనుకరణ గణనము అనవచ్చును. మన పిల్లలు పైతరగతులలో కంప్యూటరు విద్య నేర్చునపుడు ఈ మాటను వినుచునే యుందురు. అందులోని కిటుకు మాత్రము కంప్యూటరులో లేదు. కాగితము, పెన్సిలు ఉన్న ఇల్లాలు కూడ దానిని చేయగలదు. ముందుగా మన వీధి లెక్కయే చేసి చూతము.

ఒక వీధిలో నూరు ఇండ్లున్నవనుకొందము. ప్రతి యింటను రెండు సిలిండర్లు గలవు. ఒకటి పొయ్యికి తగిలించినది, రెండవది అదనముగా నుంచుకొన్నది. సిలిండరులో నున్నది సహజవాయువు గాక పెట్రోలియము వాయువే యైనను, లెక్క తీరు రెంటికిని ఒక్కటే. ఒక సిలిండరు 40 దినములు వచ్చును. అనగా వీధి మొత్తమునకు దినమునకు రెండున్నర సిలిండర్లు కావలెను. ఏజెన్సీవారికి పది దినముల కొకసారి లారీ 25 సిలిండర్లు తెచ్చును. లారీ వచ్చు వేళకు వారి గిడ్డంగిలో ఎల్లప్పుడు 15 నిలువ యుండును. ఇండ్లవారు తొందరపడువారు కారు. ఒక సిలిండరు ఖాళీ అయిన తరువాత, రెండవది సగము కాలునంతవరకు, అనగా ఇరువది దినములు ఆగి, అప్పుడు బుక్ చేయుదురు. అంతయు సాఫీగా జరుగుచున్నది.

ఒకసారి లారీ నాలుగు దినములు ఆలస్యముగా వచ్చెను. ఆ నాలుగు దినములలో పది సిలిండర్లు పోయి, నిలువ అయిదునకు దిగెను. ఎవరును మాట్లాడక యుండినచో లారీ వచ్చి 25 దింపి పోయెడిది. వీధిలో ఏ యింటికిని సంగతి తెలియకయే యుండెడిది. కాని ఎవరో ఒకరు వీధి కొళాయి దగ్గర, “ఇక గ్యాసు దొరకదట!” అనిరి. ఖాళీ సిలిండరు ఇంట నుంచుకొని ఇంకను బుక్ చేయని యిండ్లు ఆ దినమున సరిగా ఏబది యున్నవి. ఆ ఏబది యిండ్లవారును ఆ సాయంత్రమే బుక్ చేసిరి. లారీ దింపిన 25, నిలువ 5, మొత్తము 30 సిలిండర్లు పోయెను. ఇరువది యిండ్లు మిగిలిపోయెను.

ఇక మీదట చూడుడు. అందరును బెదరియున్నారు గనుక, సిలిండరు ఖాళీ అయిన దినముననే బుక్ చేయుచున్నారు. పది దినములలో క్రొత్తగా 25 బుకింగులు వచ్చినవి. పాత 20తో కలిసి 45. లారీ తెచ్చినది 25. మరల ఇరువది మిగిలినవి. తరువాతి లారీకిని అంతే. వీధిలో ఎవరును ఒక్క పూట వంట ఎక్కువ చేయలేదు, ఒక్క పొయ్యియు ఎక్కువ మండలేదు. అయినను ఇరువది యిండ్ల వరుస శాశ్వతముగా నిలిచిపోయెను.

ఈ వరుసవలన బాధపడువా రెవరు? రెండు సిలిండర్లున్న యిల్లు బాధపడదు. దాని పొయ్యి 40 దినములు మండును. ఆ వీధి చివర ఒకే సిలిండరు గల కూలివాని యిల్లు ఒకటి యున్నదనుకొనుడు. వాని సిలిండరు ఆ వారముననే ఖాళీ అయినచో, ముందున్న ఇరువది యిండ్లు తీరువరకు వాడు ఆగవలెను. లెక్క వేసిన, ఎనిమిది దినముల నుండి పదునేడు దినముల వరకు వాని యింట పొయ్యి వెలుగదు. వదంతి పుట్టించినవారొకరు, నిలువచేసికొన్నవారు వేరొకరు, పస్తున్నవాడు మూడవవాడు.

ఇప్పుడు ప్రభుత్వమువారు ఒక నిబంధన చేయదలచిరనుకొందము: ఒక సిలిండరు అందినపిమ్మట 35 దినములు గడచినగాని మరియొకటి బుక్ చేయరాదు. ఈ నిబంధనను అదే కాగితముపై నడిపి చూచినచో, వదంతి పుట్టిన దినమున ఏబదికి బదులుగా పండ్రెండో, పదుమూడో యిండ్లు మాత్రమే బుక్ చేయగలవు. వరుస ఏర్పడదు. కూలివాని పొయ్యి ఆరదు. మంచి నిబంధనయే. అయితే మన పేటలో అత్తమామలు, తోడికోడండ్రు, పిల్లలు, అందరును కలిసి పదిమంది గల యిండ్లు నేటికిని లేకపోలేదు. వారికి సిలిండరు 25 దినములు కూడ రాదు. 35 దినముల నిబంధన వారిని ప్రతి నెలయు శిక్షించును. గడువును 25 దినములకు తగ్గించినచో వారికి మేలు. కాని వదంతి దినమున ముప్పదియేడు, ముప్పదియెనిమిది యిండ్లు బుక్ చేయగలవు, వరుస మరల తలయెత్తును. ఏ గడువు న్యాయమైనదో ఈ లెక్క చెప్పదు. ఏ గడువు ఎవరికి ఎంత కష్టము కలిగించునో మాత్రము చెప్పును. ఆ తరువాత నిర్ణయించుట మనుష్యుల పని.

ఈ విధానము యొక్క పుట్టుక కూడ వినోదకరమైనదే. 1946లో స్టానిస్లావ్ ఊలం అను గణితవేత్త జబ్బుచేసి విశ్రాంతి తీసికొనుచు, ఒంటరిగా పేకముక్కలు పరచుకొని ఆడుచుండెను. ఆట గెలుచుటకు అవకాశమెంత యని సూత్రములతో కనుగొన బోయి, అది యెంతకును తెగకపోగా, నూరుసార్లు ఆడి గెలిచినవి లెక్కించుట సులభము గదా యని తలచెను. ఆ యూహను జాన్ వాన్ న్యూమన్ అను మహామేధావి అందుకొని, నాటి తొలి కంప్యూటర్లపై అణుశాస్త్రపు లెక్కలకు వినియోగించెను. జూదశాలలకు పేరుపడిన మాంటీ కార్లో నగరము పేరే దానికి నిలిచినది. తరువాత 1961లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమందలి జే ఫారెస్టర్, కర్మాగారములలో నిలువలు ఏల పెరిగి తరుగుచుండునో, ఆలస్యములు ఏల గందరగోళమును పెంచునో చూపుచు ఒక గ్రంథము వెలువరించెను. మనము పైన చేసిన వీధి లెక్క ఆ త్రోవలోనిదే.

సహజవాయువు విషయమున ఈ విద్యను మొదట తీవ్రముగా ప్రయోగించినది అమెరికాలో. అచ్చట 1954లో సుప్రీముకోర్టు, ఫిలిప్స్ పెట్రోలియము కంపెనీకిని విస్కాన్సిన్ రాష్ట్రమునకును జరిగిన వ్యాజ్యములో, రాష్ట్రముల ఎల్లలు దాటి అమ్ముడుపోవు వాయువునకు బావియొద్దనే ధర నిర్ణయించు అధికారము కేంద్ర విద్యుచ్ఛక్తి సంఘమునకు కలదని తీర్పు చెప్పెను. వినియోగదారునికి చౌకగా వాయువు దొరకవలెననుట ఉద్దేశము. చౌకగా దొరకినది, అందుచేత అందరును వాయువునకే మరలిరి. కాని ఆ ధరకు క్రొత్త బావులు త్రవ్వుటకు ఎవరును ముందుకు రారైరి. పైగా టెక్సస్ వంటి రాష్ట్రములలో త్రవ్విన వాయువును ఆ రాష్ట్రములోనే అమ్మినచో ఈ నిబంధన వర్తించదు గనుక, వాయువు అచ్చటనే ఉండిపోయెను. దూరపు రాష్ట్రములకు కొరత వచ్చెను. 1976–77 చలికాలమున అమెరికాలో ఎన్నో కర్మాగారములతోపాటు పాఠశాలలు కూడ మూతపడెను. పేదవానికి మేలుచేయ నుద్దేశించిన ధర, చలిలో పిల్లల బడులను మూయించిన వైనమిది.

ఆ కొరత ముదురుటకు ముందే, 1973లో, పాల్ మెకవాయ్, రాబర్ట్ పిండైక్ అను ఇరువురు ఆర్థికశాస్త్రజ్ఞులు సమీకరణములతో ఒక నమూనా నిర్మించి, మూడు మార్గములను అందులో నడిపించి చూచిరి. ధరలను ఇంకను బిగించుట ఒకటి, ఉన్నదున్నట్లు విడుచుట మరియొకటి, క్రమక్రమముగా సడలించుట మూడవది. మూడవ మార్గమున 1980 ప్రాంతమునకు కొరత తీరుననియు, తక్కిన రెంటియందు పెరుగుననియు వారి లెక్క తేల్చెను. అదే కాలమున రోజర్ నైల్ అను యువ పరిశోధకుడు ఫారెస్టర్ పద్ధతిలో వేరొక నమూనా చేసెను. అతని దృష్టి దూరమునకు పోయినది. ధర పెంచినచో కొంతకాలము అన్వేషణ పెరుగును గాని, భూగర్భమున నున్నది పరిమితము గనుక, ఏ విధానమైనను ఉత్పత్తి శిఖరమెక్కి దిగకతప్పదని అతడు చూపెను. ఆ నమూనాలనుండి పెరిగిన ‘ఫాసిల్–2’ అను దానిని అమెరికా ఇంధన శాఖ తన విధాన రచనలో అనేక సంవత్సరములు వాడుకొనెను. 1978లో అచ్చటి శాసనసభ ధరల అదుపును దశలవారీగా సడలించు చట్టము చేసెను. 1989 నాటి చట్టముతో మిగిలిన అదుపును తొలగినది.

ఇందులో ఒక చమత్కారమున్నది. నైల్ చెప్పినట్లే అమెరికా ఉత్పత్తి 1973లో శిఖరము నంది, దిగజారెను. లెక్క నిజమైనదని అందరును అనుకొనిరి. పిమ్మట షేల్ అను గట్టిరాతి పొరలను నీటి ఒత్తిడితో చీల్చి వాయువు తీయు విద్య వృద్ధిచెంది, 2011లో ఉత్పత్తి 1973 నాటి శిఖరమును దాటిపోయెను. నమూనాలోని గణితమున దోషము లేదు. భూమిలో తీయగల వాయువు ఇంతయే యను ఊహ ఒకటి అందులో కూర్చుండియున్నది. ఆ ఊహయే మారిపోయినది. అమెరికావారికి ఈ పొరపాటు లాభము వైపు తిరిగినది. మనవారికి, గోదావరీ తీరమున, నష్టము వైపు తిరిగినది.

కాకినాడకు దూరముగా సముద్రగర్భమున, కృష్ణా–గోదావరీ పరీవాహపు డి–6 బ్లాకులో, 2002లో రిలయన్సు సంస్థవారు సహజవాయువు కనుగొనిరి. ఆ వార్త వచ్చిననాడు తెలుగుదేశమున కలిగిన యుత్సాహము మనలో పలువురకు జ్ఞాపక ముండవచ్చును. మొదట 2004లో వేసిన ప్రణాళిక ప్రకారము దినమునకు 4 కోట్ల ఘనపు మీటర్ల వాయువు రావలెను. 2006లో దానిని సవరించి 8 కోట్లు వచ్చుననిరి. ఖర్చు అంచనా 240 కోట్ల డాలర్ల నుండి 880 కోట్ల డాలర్లకు పెరిగెను. ఈ 8 కోట్ల సంఖ్య కూడ ఒక అనుకరణ గణనపు సంతానమే. సముద్రపు అడుగున నున్న ఇసుకరాతి పొరను వేలకొలది చిన్న గదులుగా విభజించి, ఒక్కొక్క గదిలో రంధ్రము లెన్ని, ఆ రంధ్రములు ఒకదానితో నొకటి ఎంతవరకు కలిసియున్నవి, ఒత్తిడి యెంత, నీరెచ్చట నున్నది అని ఊహించి, ఇన్ని బావులు త్రవ్వినచో ఇన్నియేండ్లు ఇంత వాయువు వచ్చునని కంప్యూటరుచేత లెక్క వేయింతురు.

ఇట్టి లెక్కకు ప్రాణమువంటిది పాత అనుభవము. ఒక బావి పదియేండ్లు నడచిన పిమ్మట, దాని ఒత్తిడి ఎట్లు తగ్గినదో చూచి, ఆ చరిత్రతో నమూనాను సరిచూచి దిద్దుదురు. డి–6 విషయమున అట్టి చరిత్ర లేదు. నీటి లోతే ఆరువందల నుండి పండ్రెండువందల మీటర్లు. అంతటి లోతున వాయువు తీయుట మన దేశమునకు క్రొత్త. చేతిలో నున్నవి కొన్ని బావుల పరీక్షలు, ధ్వని తరంగములతో తీసిన భూగర్భ చిత్రములు మాత్రమే.

2009 ఏప్రిలులో ఉత్పత్తి మొదలైనది. గాడిమొగ వద్ద వాయువు ఒడ్డుకెక్కి, కాకినాడనుండి గుజరాతులోని భరూచి వరకు సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టపు మార్గమున ప్రవహించెను. 2010లో దినమునకు 6 కోట్ల ఘనపు మీటర్లు వచ్చినది. అదియే శిఖరము. బావులలోనికి నీరు, ఇసుక చొరబడినవి. ఒత్తిడి అనుకొన్నదానికన్న వేగముగా పడిపోయెను. 2013 నాటికి దినసరి ఉత్పత్తి కోటిన్నరకు లోపునకు దిగెను. మొదట సుమారు 10 లక్షల కోట్ల ఘనపు అడుగులనుకొన్న నిలువను సంస్థవారు 2012లో సుమారు 3 లక్షల కోట్లకు తగ్గించిరి. తగినన్ని బావులు త్రవ్వలేదని ప్రభుత్వమువారును, భూగర్భము అనుకొన్నట్లు లేదని సంస్థవారును వాదించుకొని, ఆ తగవును మధ్యవర్తులయొద్దకు తీసికొనిపోయిరి. ఆ తగవులో తీర్పరితనము మన పనిగాదు. 2020 ఫిబ్రవరిలో ఆ తొలి క్షేత్రములు మూతపడినవి. అదే బ్లాకులో మరింత లోతునగల క్రొత్త క్షేత్రములు 2020 డిసెంబరు నుండి ఒకటొకటిగా తెరువబడి, మరల వాయువు వచ్చుచున్నదనియు చెప్పవలెను.

అయితే ఈలోపల ఆ 8 కోట్ల సంఖ్యను నమ్ముకొని ఒడ్డున ఎన్నెన్ని కట్టిరో చూడుడు. వేమగిరి, జేగురుపాడు, పెద్దాపురమున గౌతమి, కోనసీమ, కొండపల్లి, రాజమహేంద్రవరము, సామర్లకోట – ఇవన్నియు వాయువుతో విద్యుత్తు చేయుటకు వెలసిన కేంద్రములు. ఎవరికి ముందు వాయువు ఇయ్యవలెనను దానిపై 2008లో కేంద్రమంత్రుల సంఘము ఒక వరుస నిర్ణయించినది: ముందు ఎరువుల కర్మాగారములు, పిమ్మట వంటవాయువు చేయునవి, ఆ పిమ్మట విద్యుత్కేంద్రములు, ఆపై నగర గృహములు. వాయువు తరిగినపుడు ఈ వరుస ప్రకారమే కోత పడినది. 2013 మార్చి వచ్చుసరికి డి–6 నుండి విద్యుత్కేంద్రములకు చేరునది శూన్యమైనది. 2015లో కేంద్రప్రభుత్వము ఒక పథకమును ప్రకటించుచు, దేశమున గల సుమారు 24,000 మెగావాట్ల వాయు విద్యుచ్ఛక్తిలో 14,300 మెగావాట్లకు దేశీయ వాయువు ఏమాత్రము అందుట లేదని తెలిపెను. సామర్లకోటకై తెచ్చిన యంత్రములలో కొన్నిటిని కడకు బంగ్లాదేశమునకు తరలించిరి. బ్యాంకుల ఋణములు మొండిపడినవి. అవి ప్రజలు దాచుకొన్న సొమ్ములే గదా.

లెక్క తప్పుటకన్న పెద్ద లోపము వేరొకటి ఇందున్నదని నా అభిప్రాయము. భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎన్నడును ఒకే సంఖ్య చెప్పడు. తక్కువ పక్షము ఇంత, నడిమి పక్షము ఇంత, ఎక్కువ పక్షము ఇంత యని మూడు సంఖ్యలు చెప్పును. అతని కాగితము ఒక బల్లమీదనుండి వేరొక బల్లమీదకు పోవుకొలది ఆ మూటిలో రెండు రాలిపోవును. ఒకచోట అది అంచనా. తరువాతి చోట ప్రణాళిక. ఆ తరువాత కేటాయింపు. బ్యాంకువారి బల్ల చేరుసరికి అది ప్రమాణము. పెండ్లికి ఎందరు వత్తురని అడిగిన, “మూడువందలు రావచ్చును, అయిదువందలు కావచ్చును” అని పెద్దలందురు. వంటవానికి చేరుసరికి ఆ మాట ఒక్క సంఖ్యయై కూర్చుండును. పెండ్లిలో నష్టపోవునది ఒకపూట విందు. ఇచ్చట నష్టపోయినవి వేలకోట్ల రూపాయలు.

మూడు సంఖ్యలను కడవరకు మోసికొనిపోవుటయే విధాన రచనలో సిమ్యులేషన్ చేయవలసిన ముఖ్యమైన పని. 8 కోట్లు వచ్చినచో ఏమగునని కాక, 3 కోట్లే వచ్చినచో ఏ కేంద్రము నిలుచును, ఏది మూతపడును, ఆ ఋణమెవరు తీర్తురు, ఆ లోటును విదేశపు వాయువుతో పూడ్చినచో యూనిటు విద్యుత్తు ధర యెంతయగును అని నడిపి చూడవలెను. అట్లు చూచినచో, అన్ని కేంద్రములును ఒకేసారి కట్టుటకు బదులు, వాయువు నిజముగా వచ్చినకొలది ఒకటొకటిగా కట్టుట మేలని తేలియుండెడిది. ఆలస్యమున కొంత నష్టము గలదు. కాని ఆ నష్టమునకు ఎల్ల గలదు.

ఇక మన ఎన్నూరునకు వత్తము. ఇచ్చట కథ తలక్రిందులు. గోదావరియొద్ద గొట్టములును కేంద్రములును సిద్ధమై వాయువు రాకపోగా, ఎన్నూరున వాయువు దింపు నిలయము సిద్ధమై గొట్టములు రాలేదు. ఇచ్చటినుండి తిరువళ్ళూరు, బెంగళూరు, పుదుచ్చేరి, నాగపట్టణము, మదురై, తూత్తుకుడి వరకు పోవలసిన గొట్టపు మార్గము సుమారు 1,400 కిలోమీటర్లది. అది ముక్కలు ముక్కలుగా పూర్తియగుచుండగా, నిలయము తొలి సంవత్సరములలో తన శక్తిలో నాలుగవ వంతు కూడ పనిచేయలేదు. వేయించిన నిలయము ఖాళీగా నున్నను దాని ఖర్చు ఆగదు. సరఫరా యనునది గొలుసువంటిది. ఏ కొలికి ముందు వేయవలెనో, ఏది వెనుక వేయవలెనో, ఒకటి ఆలస్యమైన తక్కినవి ఏమగునో చూచుటకు కూడ ఇదే గణనము పనికివచ్చును.

ద్రవ సహజవాయువును సున్నాకు క్రింద 162 డిగ్రీల చలిలో నుంచి నౌకలలో తెత్తురు. అట్లు ద్రవమైనపుడు దాని పరిమాణము ఆరువందలవ వంతునకు తగ్గును. సౌకర్యమే, కాని ధర మనచేతిలో నుండదు. 2022లో రష్యా, యుక్రెయిన్ యుద్ధము మొదలైన పిమ్మట ఐరోపావారు దొరకిన నౌకనెల్ల కొనసాగిరి. ఆసియా విపణిలో అప్పటికప్పుడు కొను వాయువు ధర, పదిలక్షల బ్రిటిషు ఉష్ణమానములకు 70 డాలర్లు దాటినది. రెండేండ్లకు పూర్వము, 2020 వేసవిలో, అదే వాయువు రెండు డాలర్లకు దొరకినది. పాకిస్తాను, బంగ్లాదేశములు ఆ ధర ఇచ్చుకొనలేక చీకటిలో గడపవలసివచ్చెను. ధర ఇట్లు ముప్పదిరెట్లు మారగల సరకుపై కట్టిన విధానమును, సగటు ధరతో ఒకమారు లెక్కవేసి ఊరకుండిన చాలదు. పాచికలు వేసినట్లు వేయిసార్లు వేర్వేరు ధరలతో నడిపించి, ఎన్నిసార్లు మణలి కర్మాగారము నష్టపడును, ఎన్నిసార్లు ఎరువుల సబ్సిడీ బడ్జెటును మించును అని చూడవలెను. ఊలం పేకాట ఇచ్చట అక్కరకు వచ్చుచున్నది.

దేశీయ వాయువు ధర విషయమున అమెరికా 1954లో ఎదుర్కొన్న చిక్కే మనకును గలదు. 2023 ఏప్రిలులో ప్రభుత్వము, కిరీట్ పారిఖ్ సంఘపు సిఫారసుల ననుసరించి, పాత క్షేత్రముల వాయువునకు ముడిచమురు ధరలో పదియవ వంతు ధరగా నిర్ణయించి, నాలుగు డాలర్లకు తగ్గకుండ, ఆరున్నర డాలర్లకు మించకుండ ఎల్లలు పెట్టెను. గృహములకు గొట్టపు వాయువు అందుబాటు ధరకు రావలెనన్న ఎల్ల యుండవలసినదే. ఆ ఎల్లవలన క్రొత్త బావుల త్రవ్వకము ఎంత మందగించునో కూడ ప్రక్కనే లెక్కింపవలెను. లోతుసముద్రపు క్షేత్రములకు వేరుగా హెచ్చు ఎల్ల పెట్టుట ఈ చిక్కును గుర్తించినందువలననే.

లెక్కలో వేయని సంగతి లెక్కలోనుండి బయటకు రాదు. 2014 జూన్ 27వ తేదీన, కోనసీమలో తాటిపాక సమీపమున నున్న నగరము గ్రామమందు వాయు గొట్టము పగిలి, తెల్లవారుజామున నిప్పంటుకొని ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ మార్గమున ఎంత వాయువు పోవుచున్నది, ఎంత ఒత్తిడి యున్నది అను లెక్కలు నిత్యము వేయుచునే యుందురు. గొట్టములో తడి చేరి లోపలినుండి ఎంత తినివేసినది, ఆ గొట్టము ప్రక్కన ఎన్ని యిండ్లు లేచినవి అను లెక్కలు వేరు. సరఫరా నమూనాలలో ఊళ్లు సామాన్యముగా కనబడవు. గొట్టము ఒక గీతగా మాత్రమే కనబడును. తొండియార్‌పేటవంటి ఇరుకు సందుల పేటలో, ఇంటికి ఇల్లు ఆనుకొనియున్న చోట, ఈ రెండవ లెక్కకే విలువ హెచ్చు.

2018లో జరిగిన వేలములో చెన్నై, తిరువళ్ళూరు జిల్లాలకు గృహవాయువు అందించు హక్కు టొరెంట్ గ్యాస్ సంస్థకు లభించినది. ఇండ్లకు గొట్టము తగిలింపవచ్చినపుడు మనవారు సాధారణముగా అడుగునవి రెండు: డిపాజిటు ఎంత, సిలిండరుకన్న చౌకయా యని. మరి రెండు ప్రశ్నలు కూడ అడుగవచ్చును. వీధి గొట్టమున ఒత్తిడి తగ్గినపుడు ముందుగా కట్టివేయునది ఏ భాగమును, మన యిండ్లనా, కర్మాగారములనా? వాయువు వాసన వచ్చినచో వీధి కవాటము మూయుటకు ఎవరు, ఎన్ని నిముషములలో వత్తురు? వీటికి సమాధానములు ఆ సంస్థవారి లెక్కలలో ఉండితీరవలెను.

దేశము మొత్తపు లెక్కను ప్రజలు కూడ చేసి చూచుటకు వీలుగా, 2014లో నాటి ప్రణాళికా సంఘము ‘భారత ఇంధన భద్రతా దృశ్యములు 2047’ అను గణన సాధనమును వెలువరించినది. పిమ్మట నీతి ఆయోగ్ దానిని సవరించి మరల ప్రకటించినది. దేశీయ వాయువు ఉత్పత్తి, వంటకు వాడు ఇంధనము, వాహనములు, సౌరశక్తి వంటి ఒక్కొక్క అంశమునకు నాలుగు మెట్లున్నవి. మొదటి మెట్టు ఉదాసీన ప్రయత్నము, నాలుగవది వీరోచిత ప్రయత్నము. ఏ అంశమునకు ఏ మెట్టు అని ఎన్నుకొనిన, దేశము ఎంత ఇంధనమును దిగుమతి చేసికొనవలెనో అది లెక్కవేసి చూపును. 2030 నాటికి ఇంధనములలో సహజవాయువు వాటాను 15 శాతమునకు పెంచవలెనని ప్రభుత్వపు లక్ష్యము; ఆ వాటా చాలకాలముగా 6, 7 శాతముల నడుమనే యున్నది. పైతరగతుల పిల్లలు ఈ సాధనముతో ఒక సాయంత్రము గడుపుట మంచిది. అన్ని మీటలను నాలుగవ మెట్టునకు త్రిప్పి సంతోషించుట మొదట ప్రతి పిల్లవాడును చేయును. పిమ్మట ఒక్క దేశీయ వాయువు మీటను మాత్రము మొదటి మెట్టునకు దింపుమనుడు. గోదావరియొద్ద 2010 నుండి 2013 వరకు జరిగినది అదియే.

చిన్నతరగతుల పిల్లలకు మన వీధి లెక్క చాలును. నూరు చింతగింజలు, ఒక పాచిక, ఒక పలక ఇచ్చి, లారీ ఎన్నవ దినమున వచ్చునో పాచిక వేసి తేల్చుమనుడు. వదంతి ఏ దినమున పుట్టవలెనో వారే నిర్ణయింతురు. ఒకే సిలిండరు గల యింటికి ఎఱ్ఱగింజ నొకదానిని పెట్టి, ఆ యింట పొయ్యి ఎన్ని దినములు ఆరియున్నదో వేరుగా వ్రాయుమనవలెను.